కొట్టని గుమ్మడికాయ

‘బావమరిది బ్రహ్మాస్త్రం’ వందో రోజు పోస్టరు కృష్ణానగర్ గోడల మీద పడ్డ ఉదయం, వంట నూకరాజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి జేబులో పెట్టుకుని, విశ్వంభర చిత్ర వారి ఆఫీసుకి బయలుదేరాడు. పోస్టరు మీద హీరో కత్తి పట్టుకుని గాల్లో ఉన్నాడు. కత్తి కింద ఎర్రటి అక్షరాలతో ‘నూట ఇరవై కోట్లు! లెక్కపెట్టలేక చేతులు నొప్పి!’ అని ఉంది.

నూకరాజు చదువు ఐదో తరగతిలోనే ఆగిపోయింది. అయినా వెయ్యి మందికి ఉప్పు ఎంత పడుతుందో చేత్తో చూసి చెప్పగల మనిషికి నూటికి ఒక వంతు ఎంతో తెలియకుండా ఉంటుందా? పోస్టరు మీది అంకెలో సగం అబద్ధం అనుకున్నాడు. మిగిలిన సగంలో ఇంకో సగం వడ్డీలకు పోయిందనుకున్నాడు. ఆ మిగిలిన దాంట్లో కూడా నిర్మాతగారి మొహమాటానికి కొంత తీసేశాడు. ఎంత తీసేసినా ఆరు లక్షలకు తగ్గడం లేదు. అతనికి కావలసింది కూడా సరిగ్గా ఆరు లక్షలే.

ఆ వీధి చివర యాదగిరి మెస్సు ఉంది. పొయ్యిలు, గుండిగలు, పదహారు బల్లలు, పేరుతో సహా ఆరు లక్షలకు అమ్మేసి యాదగిరి విశ్రాంతి తీసుకోవాలనుకుంటున్నాడు. తునిలో పుట్టి, ఇరవై రెండేళ్లుగా సినిమా వాళ్ల వెంట కొండలూ గుట్టలూ తిరిగి టెంట్ల కింద వండిపెట్టిన నూకరాజుకి, ఒక్కచోట నిలబడి, గోడలున్న గదిలో వండాలని కోరిక. “దసరా దాక ఆగుత నూకన్నా. ఆ మీదికెళ్లి నాతోని గాదు. జ్యూసు దుకాణపోడు పైసల్ చేతిల వట్టుకుని తిరుగుతుండు” అని యాదగిరి మాటిచ్చాడు.

ఇక జేబులో కాగితం సంగతి. బ్రహ్మాస్త్రం షూటింగు సగంలో ఉండగా కంపెనీలో డబ్బు అయిపోయింది. నూకరాజుకి రెండు లక్షలు బాకీ పడ్డారు. అప్పుడు నిర్మాత దండమూడి విశ్వంభరం గారు అతని భుజం మీద చెయ్యి వేసి, “నువ్వు వంటవాడివి కాదు నూకరాజూ, నా భాగస్వామివి” అని, బాకీకి బదులుగా నికర లాభంలో నూటికి ఒక వంతు అని రాసిచ్చారు. నూకరాజు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అతని భార్య లోవకుమారి మాత్రం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “అన్నం ఒండినోడికి డబ్బులియ్యాలి గానీ కాయితం ఇత్తారేటి?” అంది.

ఆఫీసులో లెక్కల విభాగం రెండో అంతస్తులో ఉంటుంది. దానికి ప్రధానాధికారి గజాననరావు గారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో తెలియదు గానీ, ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ దస్తావేజులాగే మాట్లాడతారు.

“ఏమి కావలెను?”

“లాభంలో వాటా అండి. ఒక శాతం.”

గజాననరావు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. “లాభమా? ఏ లాభము?”

“బ్రహ్మాస్త్రం లాభమండి. నూట ఇరవై కోట్లని పోస్టరేశారు కదండి.”

“పోస్టరు మీది కోట్లు ప్రచార విభాగమువి. అవి గోడకు అంటించుటకు మాత్రమే ఉద్దేశింపబడినవి. లెక్కల విభాగపు కోట్లు వేరు. అందులోనుండి పన్ను, థియేటరు అద్దె, పంపిణీదారుల కమీషను, వడ్డీ, వడ్డీ తెచ్చిన వారి ప్రయాణపు ఖర్చులు తీసివేయవలెను.”

“తీసెయ్యండి. మిగిలిందాన్లోనే ఇయ్యండి.”

“మిగులు అనునది సినిమా పూర్తయిన పిదప తేలవలసిన అంశము.”

నూకరాజు వెనక్కి తిరిగి కిటికీలోంచి చూశాడు. ఎదురు గోడ మీద వంద రోజుల పోస్టరు అక్కడే ఉంది. “పూర్తయిపోయింది కదండీ. వంద రోజులాడింది కూడానూ!”

“ఆడుట వేరు, పూర్తగుట వేరు” అని గజాననరావు గారు ఒక లావుపాటి పుస్తకం తెరిచారు.

సినిమా వాళ్లందరూ మొదటి రోజు కొబ్బరికాయ కొడతారు, ఆఖరి షాటు అయ్యాక దిష్టి పోవడానికి గుమ్మడికాయ కొడతారు. మిగతా కంపెనీల్లో అది ఆచారం. విశ్వంభర చిత్రలో అది నిబంధన. విశ్వంభరం గారి తాతగారి కాలంలో ఏ గుమాస్తా మోసం చెయ్యకుండా పెట్టిన కట్టుబాటు. కొబ్బరికాయ కొట్టిన క్షణం నుంచి ఖర్చుల ఖాతా తెరుచుకుంటుంది, గుమ్మడికాయ కొట్టిన క్షణం మూతపడుతుంది. రెండింటికీ రశీదులుండాలి, సాక్షి సంతకాలుండాలి.

పుస్తకంలో కొబ్బరికాయ దగ్గర ‘కొన్నది, కొట్టినది’ అని రెండు సంతకాలు ఉన్నాయి. గుమ్మడికాయ దగ్గర ‘కొన్నది, ఎనభై రూపాయలు’ అని ఉంది. ‘కొట్టినది’ అన్న గడి ఖాళీగా ఉంది.

“గుమ్మడికాయ కొట్టనందున సదరు చలనచిత్రము నేటికిని నిర్మాణములోనే ఉన్నది. నిర్మాణములో ఉన్న చిత్రమునకు లాభమెక్కడిది? విడుదల కేవలము తొందరపాటు చర్య.”

నూకరాజు పుస్తకం మీంచి చూపు తిప్పేశాడు. ఆయన చెప్పింది అర్థం కాక కాదు. ఆ గుమ్మడికాయ ఎక్కడికి పోయిందో అతనికి ఒక్కడికే తెలుసు గనక.

కిందటేడు ఆగస్టు పదో తారీకు, ఆఖరి రోజు షూటింగు. హీరోగారి అభిమానులు యాభై మంది చెప్పాపెట్టకుండా భోజనానికి దిగారు. కూరగాయల బండి దారిలో టైరు పంక్చరై ఆగిపోయింది. నూకరాజు చేతులు నలుపుకుంటూ చుట్టూ చూస్తే, సామాన్ల టెంటు మూల నిగనిగలాడుతూ ఒక బూడిద గుమ్మడికాయ కనిపించింది. ఎంత లక్షణంగా ఉందంటే, దేవుడే పంపించాడనుకున్నాడు. పావుగంటలో చెక్కు తీశాడు, గంటలో మజ్జిగ పులుసు దింపాడు. హీరోగారు మూడుసార్లు వడ్డించుకున్నారు. తిన్నాక అందరికీ కునుకు పట్టింది. సాయంత్రం హీరోగారికి విమానం వేళైంది. ఆ హడావిడిలో చప్పట్లు కొట్టుకుని వెళ్లిపోయారు గానీ గుమ్మడికాయ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

అతను నోరు విప్పేలోపే గజాననరావు గారు విచారణకు ఆదేశించారు. ‘గుమ్మడికాయ అంతర్ధాన విచారణ సంఘం’ అని ముగ్గురు సభ్యులతో ఒకటి వేశారు. సంఘం నెలన్నర కూర్చుంది. డ్రైవర్లను పిలిచింది, లైట్లవాళ్లను పిలిచింది, ఆ రోజు సెట్లో ఉన్న గుర్రాన్ని కూడా దాని యజమానితో సహా పిలిపించింది. టీలు, బిస్కట్లు, గుర్రం రవాణా అన్నీ బ్రహ్మాస్త్రం ఖాతాలోనే రాసుకున్నారు. గుర్రం మీద అనుమానం బలపడుతుండగా నూకరాజు ఇక తట్టుకోలేకపోయాడు.

“దాన్నొగ్గెయ్యండి బాబూ. నేనే కోసేశానండి. పులుసెట్టేశాను.”

సంఘంలో ఒక సభ్యుడు ఆ పులుసు తనకు గుర్తుందని, చాలా బాగుందని చెప్పి, ఆ మాట రికార్డులోంచి తీసెయ్యమన్నాడు. తీర్పు మాత్రం రెండు వాక్యాల్లో వచ్చింది. ‘గుమ్మడికాయ కోయబడినది. కొట్టబడలేదు.’

మర్నాడు పొద్దున్నే నూకరాజు రైతుబజారుకి వెళ్లి, ఏరి ఏరి ఒక గుమ్మడికాయ కొని, భుజాన పెట్టుకుని ఆఫీసు మెట్లెక్కాడు. “ఇదిగోండి. నా డబ్బుల్తో కొన్నాను. ఇక్కడే కొట్టేత్తాను. గడిలో సంతకమెట్టండి.”

గజాననరావు గారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. “ఆగుము! గుమ్మడికాయ ఆఖరి షాటు అనంతరము, లొకేషనులో, కథానాయకుని సమక్షమున, యూనిటు యావన్మందీ హాజరై ఉండగా కొట్టవలెను.”

“ఓ రోజు అందర్నీ పిలవండి మరి.”

“ఒక దినపు షూటింగుకు నలుబది లక్షలు ఖర్చు. అంత ఖర్చుకు అనుమతి కావలెనన్న చిత్రమునకు లాభము వచ్చినట్లు తేలవలెను. లాభము తేలవలెనన్న గుమ్మడికాయ కొట్టవలెను.” ఆ చుట్టు తిరిగి వచ్చాక ఆయన ముఖంలో ఎంతో తృప్తి కనిపించింది. “గుమ్మడికాయను ఇచ్చట ఉంచి పొమ్ము. దానిపై నిర్ణయము పెండింగులో ఉన్నది.”

గుమ్మడికాయ బల్ల కింద చేరింది. నాలుగు రోజులకల్లా దాని మీద ఫైళ్లు పెట్టారు.

జూన్ పోయింది, జూలై, ఆగస్టు పోయాయి. నూకరాజు వారానికి రెండుసార్లు ఆఫీసుకి వెళ్లి వస్తూనే ఉన్నాడు. ఈ లోపల బ్రహ్మాస్త్రం టీవీలో కూడా రెండుసార్లు వచ్చింది. లెక్కల విభాగం దృష్టిలో అదింకా తయారవుతూనే ఉంది.

సెప్టెంబరు ఇరవై ఐదున నిర్మాత విశ్వంభరం గారే మెట్ల దగ్గర ఎదురయ్యారు. పడవంత కారు దిగుతున్నారు. నూకరాజుని చూడగానే గుండెకు హత్తుకున్నారు.

“ఏం చెప్పమంటావు నూకరాజూ! సినిమా ఆడుతున్నకొద్దీ మునిగిపోతున్నాను. నిన్నటికి పదకొండు కోట్లు నష్టం.”

“మరి ఈ కారు...”

“ఇదా? ఛేజింగు సీను కోసం కొన్నాం. సీను ఇంకా తియ్యలేదు. అప్పటిదాకా తిరక్కపోతే బ్యాటరీ పోతుందని నేనే శ్రమ తీసుకుంటున్నాను.” ఆయన కారు తలుపు మెల్లగా మూశారు. “మా అమ్మాయి ఇల్లు కట్టుకుంటోందని అందరూ అంటున్నారు. అది ఇల్లు కాదయ్యా, సెట్టు. మనింటి పిల్లేలే అని కాపురం ఉండనిచ్చాం. మొన్న సక్సెస్ మీట్ చేశాం చూడు, అది తొంభై నాలుగో సీను.”

నూకరాజు జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పబోయాడు.

“నష్టంలో ఒక శాతం నువ్వు కట్టాలి న్యాయంగా. అడిగానా? అడగను. అదీ నా మనసు” అని విశ్వంభరం గారు కళ్లు తుడుచుకుని, మేనేజర్ని పిలిచి, ఖర్చుల పట్టిక నకలు ఒకటి ఇప్పించారు. “భాగస్వామివి. తీరిగ్గా చూసుకో.”

నూకరాజు ఆ పట్టిక ఇంటికి తెచ్చి గట్టు మీద పడేసి, గోడకు జారగిలబడ్డాడు. పొద్దున్నే యాదగిరి వచ్చి వెళ్లాడట. దసరా దగ్గరకొచ్చేసిందని, ఇక ఆగలేనని, జ్యూసు దుకాణం వాడు రేపు సాయంత్రం అడ్వాన్సు ఇస్తానన్నాడని చెప్పమన్నాడట. ఇరవై రెండేళ్లలో ఎన్ని వేల మందికి వండాడు! ఒక్కరోజూ ఒక్కరికీ తక్కువ కాలేదు. ఎండలో, వానలో, హీరోయిన్‌గారికి నూనె లేకుండా, విలన్‌గారికి కారం ఎక్కువగా, ఎవరికి ఎలా కావాలంటే అలా పెట్టాడు. తన వంతు వచ్చేసరికి కాగితం మిగిలింది. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

లోవకుమారి పదో తరగతి దాకా చదువుకుంది. బియ్యం ఏరడం అయ్యాక పట్టిక తీసుకుని ఒక్కో గీతా వేలితో చూసుకుంటూ పోయింది. ఒకచోట వేలు ఆగింది.

“ఇదేటయ్యా? ‘యూనిట్ భోజనములు, రెండు వందల నలభై మందికి.’ ఆగస్టు పదకొండో తారీకు.”

“పదితో అయిపోయింది కదే షూటింగు.”

“అయిపోలేదంటన్నారు కదా! పన్నెండో తారీకు కూడా ఉంది. పదమూడు కూడా ఉంది. నిన్నటి దాకా రోజూ ఉంది.” ఆమె తల ఎత్తింది. “ఇంతమందికి రోజూ ఎవరొండేరు?”

“ఎవరొండుతారు? ఎవరూ ఒండలేదు.”

“నోర్ముయ్యి. బ్రెమ్మాస్త్రానికి వంట మాస్టారు ఎవరు?”

“నేనే.”

“మరి నువ్వే ఒండేవు” అంది లోవకుమారి.

మర్నాడు సెప్టెంబరు ఇరవై ఆరు. నూకరాజు ఆఫీసుకి వెళ్లి, ఈసారి లాభం మాట ఎత్తలేదు. పట్టిక బల్ల మీద పరిచి, లోవకుమారి రాసిచ్చిన చీటీ దాని మీద పెట్టాడు. ‘వంట మాస్టరు కూలీ, రోజుకి పదిహేను వందలు, ఇవాళ్టితో కలిపి నాలుగు వందల పన్నెండు రోజులకు, ఆరు లక్షల పద్దెనిమిది వేలు.’

“ఈ దినములలో నీవు పని చేసితివా?” అని గజాననరావు గారు అడిగారు.

“మీరే రాశారు కదండి, రోజూ రెండు వందల నలభై మంది తిన్నారని. నేనొండకపోతే ఏటి తిన్నారండి? ఒండలేదని మీరంటే మరి ఆ భోజనాల లెక్కేటండి?”

గజాననరావు గారు చీటీని, పట్టికని పక్కపక్కన పెట్టి రెండుసార్లు చదివారు. నూకరాజు భయపడ్డాడు. కానీ అది కోపం కాదు. ఆయన ముఖం మెల్లగా వికసించింది.

“అనగా నీవు అడుగుచున్నది లాభము కాదు?”

“కాదండి.”

“ఖర్చు?”

“ఖర్చేనండి.”

“ఆ మాట మొదటి దినముననే చెప్పవలదా!” ఆయన కుర్చీలోంచి లేచి నూకరాజుని కూర్చోమన్నారు. “లాభమన్న ఈ కార్యాలయము పైసా ఇవ్వజాలదు. ఖర్చునకు ఏనాడును అభ్యంతరము చెప్పి ఎరుగము. ఆరు లక్షల పద్దెనిమిది వేలు చేరినచో నష్టము మరింత నిండుగా కనబడును. బిర్యానీ దినములకు అదనపు భత్యము వ్రాయలేదేమి?”

“వద్దండి. అది అన్యాయమైపోద్ది.”

పది నిమిషాల్లో చెక్కు చేతిలో పడింది. నాలుగైదు నెలలు నూటికి ఒక వంతు కోసం తిరిగినవాడికి టీ కూడా ఇచ్చారు. సాయంత్రానికి యాదగిరి మెస్సు తాళాలు లోవకుమారి కొంగున చేరాయి.

కథ ఇక్కడితో ఆగిపోతే విశ్వంభర చిత్ర ఇప్పటికీ చల్లగా నష్టపోతూ ఉండేది. కానీ కృష్ణానగర్లో వార్త దాగదు. ఇరవై ఏడో తారీకు పొద్దున్న ఆఫీసు ముందు లైట్లవాళ్లు, మేకప్పువాళ్లు, డ్రైవర్లు, ఫైట్లలో కిందపడేవాళ్లు అందరూ బారులు తీరారు. ‘తిన్న రెండు వందల నలభై మందిలో మేమూ ఉన్నాం. పని చెయ్యకుండా కంపెనీ అన్నం పెడుతుందా?’ అని ఒకటే మాట. గుర్రం యజమాని గుర్రంతో సహా వచ్చాడు. గజాననరావు గారు ఉత్సాహంగా వోచర్లు రాస్తూ పోయారు. నష్టం ఇరవై ఐదు కోట్లు దాటి దేదీప్యమానంగా వెలుగుతోంది.

పదకొండు గంటలకు ఫోను మోగింది. హీరోగారి మేనేజరు.

“ఏం లేదండీ. బ్రహ్మాస్త్రం షూటింగు ఇంకా జరుగుతోందని మాకు ఇప్పుడే తెలిసింది. మా బాబుకి రోజుకి ఇరవై లక్షలు కదండీ. నాలుగు వందల పదమూడు రోజులకి ఎనభై రెండు కోట్ల అరవై లక్షలు. చెక్కు ఇవాళే ఇస్తారా, రేపు మంచిదా?”

గజాననరావు గారు ఆ అంకె కూడా ఎంతో ఇష్టంగా రాసుకుని, సంతకం కోసం పై అంతస్తుకి పంపించారు.

రెండు నిమిషాల తర్వాత విశ్వంభరం గారు చెప్పులు లేకుండా మెట్లు దిగుతూ కనిపించారు. “గుమ్మడికాయ! గుమ్మడికాయేదిరా!” అని అరుస్తున్నారు. మూడు నెలలుగా ఫైళ్ల కింద ఉన్న నూకరాజు గుమ్మడికాయని తనే లాగారు, తనే ఎత్తారు, ఆఫీసు గుమ్మంలో తనే పగలగొట్టారు. లొకేషను లేదు, హీరో లేడు. వాచ్‌మన్ సెల్‌ఫోన్లో తీసిన గుమ్మడికాయ బొమ్మనే ఆఖరి షాటుగా గజాననరావు గారు నమోదు చేసుకున్నారు. ఏ నిబంధనా అడ్డం రాలేదు.

ఖాతా మూతపడింది. అన్నీ కూడి, అన్నీ తీసి, హీరోగారి మేనేజరుతో కూర్చుని బేరమాడాక, బ్రహ్మాస్త్రం నిజంగానే నష్టపోయింది. కష్టపడి రాసిన అబద్ధం అంత నిజమవుతుందని ఆ కంపెనీలో ఎవరూ అనుకోలేదు. ఛేజింగు సీను కారు ఇప్పుడు హీరోగారి ఇంట్లో ఉంది.

దసరా నాడు మెస్సు తెరిచారు. బోర్డు మీద ‘తుని నూకరాజు మెస్సు’ అని రాయించారు. గుమ్మం ముందు వీధివాళ్లందరూ చేరారు. లోవకుమారి పసుపు, కుంకుమ సిద్ధం చేసుకుని, బూడిద గుమ్మడికాయ తెచ్చి భర్త చేతుల్లో పెట్టింది.

“కొట్టన్నా, దిష్టి పోతది” అన్నాడు యాదగిరి.

నూకరాజు దాన్ని తలకంటా ఎత్తాడు. అలా ఎత్తినవాడు కాసేపు అలాగే నిలబడిపోయి, మెల్లగా దించి, చంకన పెట్టుకుని వంటింట్లోకి నడిచాడు. లోపల్నుంచి కత్తిపీట చప్పుడు వినిపించింది.

మధ్యాహ్నం మొదటి పంక్తిలో గజాననరావు గారు కూడా వచ్చి కూర్చున్నారు. టోకెను నూట ఇరవై రూపాయలు. ఆయన ఐదు వందల నోటు ఇచ్చారు. లోవకుమారి చిల్లర తర్వాత ఇస్తానంది. ఆయన మజ్జిగ పులుసు మూడుసార్లు వడ్డించుకుని, చెయ్యి కడుక్కుని, గల్లాపెట్టె దగ్గరికి వచ్చి, మొట్టమొదటిసారి మనిషిలా మాట్లాడారు.

“పులుసు అద్భుతంగా ఉందయ్యా నూకరాజూ. నా చిల్లర మూడు వందల ఎనభై ఇప్పించు, వెళ్తాను.”

“మిగులాండి?” నూకరాజు భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. “అది ఖాతా మూశాక తేలాలండి. మీరు తిన్నారు గానీ, గుమ్మడికాయ ఇంకా కొట్టలేదండి.”

గజాననరావు గారు ఏ నిబంధనా గుర్తుకు రాక కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

“కూకోండి బాబూ” అన్నాడు నూకరాజు ఆప్యాయంగా. “ఇంకో గరిటె ఏయిత్తాను.”